పల్లెబావి నీళ్లు తియ్యనివని తేలిన విధం

రేగడిదిన్నె పల్లెలో సర్కారు వారు తవ్వించిన బావి నీళ్లు తియ్యనివేనని 1957 ఫిబ్రవరిలో నంద్యాలలో సమావేశమైన జలరుచి నిర్ణయ సంఘం ఏకగ్రీవంగా తేల్చింది. సంఘంలో ఐదుగురు పెద్దలున్నారు. ఐదుగురిలో ఒక్కరూ ఆ నీళ్లు తాగి చూడలేదు. అందువల్ల తీర్పులో పక్షపాతానికి చోటు లేకపోయింది.

ఈ విజయానికి మూలపురుషుడు ఆ ఊరి పంచాయతీ ప్రెసిడెంటు శేషయ్య. ఆళ్లగడ్డకు మూడు క్రోసుల దూరంలో ఉన్న రేగడిదిన్నెలో ఆయనకు నలభై ఎకరాల నల్లరేగడి, రెండు జతల ఎద్దులు, తాతల నాటి మిద్దె ఉన్నాయి. ఇవి కాక ఇంకో ఆస్తి కూడా ఉంది. ఆయన వాదనలో ఓడిపోడు. ఒకసారి ఆత్మకూరు సంతలో కొన్న ఎద్దు ఇంటికొచ్చాక కుంటిదని తేలింది. కుంటి ఎద్దు నిదానంగా నడుస్తుంది, నిదానంగా నడిస్తే నాగలి లోతుగా దిగుతుంది, లోతుగా దిగితే పంట బాగా వస్తుందని ఆయన మూడు రోజుల్లో ఊరందరినీ ఒప్పించాడు. ఎద్దు మాత్రం ఒప్పుకోలేదు. సాలు మధ్యలో పడుకుంది. పొగరుబోతు ఎద్దు అని ఊరంతా దాన్నే తిట్టింది.

ఊరికి తూర్పున, కేకేస్తే పలికేంత దూరంలో పల్లె ఉంది. సర్కారు కాగితాల్లో దాని పేరు హరిజనవాడ. అక్కడివాళ్లు తరతరాలుగా వాగులో చెలమలు తవ్వుకుని, ఊరిన నీళ్లు ముంచుకుని తాగేవారు. వాగు క్రోసెడు దూరం. ఎండాకాలంలో ఒక్క కడవ నిండాలంటే చెలమ పక్కన గంటసేపు కూర్చోవాలి. ఊరబావి అయితే నాలుగు అంగల్లో ఉంది, కానీ అది ఊరిది. పల్లె ఊరు కాదన్నది పెద్దల నిర్ణయం. ఓట్లప్పుడు మాత్రం పల్లె కూడా ఊరే అయ్యేది, అదీ ఆ ఒక్క పూటకే.

ఇలా ఉండగా 1955లో అంటరానితనం నేరమని చట్టం వచ్చింది. ఆ వార్త విని పక్క ఊళ్లలో కొందరు బెదిరారు గాని శేషయ్య బెదరలేదు. చట్టాన్ని ఆయన మనసారా గౌరవించాడు. పల్లెకు ప్రత్యేకంగా ఒక బావి తవ్వించవలసిందని తాలూకా ఆఫీసుకు తన చేత్తోనే అర్జీ రాసి పెట్టాడు. సొంత బావి ఉన్నవాళ్లు ఇంకో బావికి రారు. రానివాళ్లను ఎవరూ ఆపనక్కర్లేదు. ఆపకపోతే నేరం లేదు. ఇంత చక్కని ఆలోచన చట్టం రాసినవాళ్లకే తట్టలేదని ఆయన అరుగు మీద కూర్చుని జాలిపడ్డాడు.

బావి తవ్వారు. ముప్పై అడుగుల్లో నీళ్లు పడ్డాయి. నీళ్లు పడకముందే 'మంచినీటి బావి' అని చెక్కిన రాయి ఆళ్లగడ్డ నుంచి బండిలో వచ్చేసింది. నాయకులు వచ్చి రాయికి పూలదండ వేసి వెళ్లారు. మర్నాడు పల్లెవాళ్లు చేద వేసి, తోడి, నోట్లో పోసుకుని, ఉమ్మేశారు.

ఆ పల్లెలో దేవమ్మ ఉండేది. అరవై దాటిన మనిషి. ముప్పై ఏళ్లుగా శేషయ్య చేలలో పత్తి ఏరుతోంది. కొడుకు యేసుదాసు మిషన్ బడిలో పంతులు. కోడలు లూదియాకు ఎనిమిదో నెల. దేవమ్మ ఒకనాడు శేషయ్య మిద్దె ముందుకొచ్చి, నిలబడవలసినంత దూరంలో నిలబడి, సంగతి చెప్పింది.

"నీళ్లు ఉప్పగా ఉండాయి సామీ. పప్పు గూడ ఉడకదు. నా కోడలు ఆ కడుపుతోనే చెలమ కాడికి నడస్తాండాది. ఊరబాయిలో ఒక పక్కన మమ్మల్ని గూడ చేద వేసుకోనీ."

"ఉప్పని ఎవరు చెప్పినారు?" అన్నాడు శేషయ్య.

"నా నాలిక చెప్పింది సామీ."

శేషయ్య బుర్ర చురుగ్గా పని చేసింది. ఆ నీళ్లు ఉప్పనివైతే పల్లెకు బావి లేనట్టే. లేకపోతే వాళ్లు ఊరబావికి వస్తారు, వస్తే ఆపాలి, ఆపితే జైలు. కనుక నీళ్లు తియ్యగా ఉండక తప్పదు. నీళ్ల రుచి ఇలా అరుగు మీదే నిర్ణయమైపోయింది. రుజువులు వెతకడం ఒక్కటే మిగిలింది.

యేసుదాసు ముత్యాల్లాంటి అక్షరాలతో అర్జీ రాశాడు. అది ఆఫీసులన్నీ తిరిగి, ముద్రలన్నీ వేయించుకుని, చివరికి ఒక సంఘాన్ని కన్నది. పదవి నుంచి దిగిపోయిన ఒక న్యాయాధిపతి అధ్యక్షుడు. తాలూకా నాయకుడొకడు, అహోబిలం పండితుడు చక్రపాణి, తలూపడంలో అనుభవం గల మరో ఇద్దరు సభ్యులు. చక్రపాణి సంఘంలో సభ్యుడే కాక శేషయ్య పక్షాన సాక్షి కూడా. రెండు పనులూ ఒకే మనిషి చేయడం వల్ల ఒక బస్సు టిక్కెట్టు కలిసొచ్చింది.

నంద్యాలలో ఒక సత్రం హాల్లో విచారణ మొదలైంది. శేషయ్య ముందు వరుసలో కూర్చున్నాడు. పక్కన భార్య రామేశ్వరమ్మ ఇస్త్రీ చేయించి ఇచ్చిన తలగుడ్డ. ఆయన గుండె పెళ్లికొడుకు గుండెలా కొట్టుకుంటోంది.

ముందు చక్రపాణి లేచాడు. నిజాన్ని తెలిపే ప్రమాణాలు నాలుగని, వాటిలో కంటితో చూసేది, నాలుకతో చూసేది అన్నిటికన్నా తక్కువ జాతివని, తాడును చూసి పామనుకునే కళ్లున్న లోకంలో నాలుకను నమ్మడం అవివేకమని అరగంట చెప్పాడు. "పొగ ఉన్న చోట నిప్పు ఉంటుంది. వేపచెట్టు ఉన్న చోట తియ్యని నీరుంటుంది. ఈ బావి పక్కన వేపచెట్టు ఉంది" అని కూర్చున్నాడు. ఆ వేపమొక్క తాను కిందటేడు నాటిందేననీ, ఇంకా మోకాటి ఎత్తు కూడా రాలేదనీ యేసుదాసు లేచి మనవి చేశాడు. చెట్టు ఎత్తు గురించి శాస్త్రం ఏమీ చెప్పలేదని పండితుడు కూర్చునే సమాధానమిచ్చాడు. తలూపే సభ్యులు తలూపారు.

తరువాత శేషయ్య వకీలు శ్రీనివాసులు. నంద్యాలలో ఆయన గొంతు వింటే ఎదుటి పక్షం వకీళ్లు వాయిదా అడుగుతారని పేరు. ఆయన రాతి మీది అక్షరాల నకలు దాఖలు చేశాడు. రాతమూలకంగా 'మంచినీటి బావి' అని ఉండగా దానికి విరుద్ధంగా నోటిమాట చెల్లదన్నాడు. పైగా ఇక్కడ ఉప్పని చెప్పే నాలుక ఎవరిది? అర్జీదారుది. కాబట్టి అది స్వార్థం గల సాక్షి. స్వార్థం లేని నాలుక ఒక్కటైనా వచ్చి ఉప్పని చెప్పిందా అని హాలంతా కలయజూశాడు. స్వార్థం లేని నాలుకలున్న నోళ్లన్నీ మూసుకుని ఉన్నాయి.

నాయకుడు చివర మాట్లాడాడు. ఆయన మాట్లాడటానికి కండువా సవరించుకుంటేనే చప్పట్లు పడ్డాయి.

"సోదరులారా! రాష్ట్రం అవతరించి నాలుగు నెలలు కాలేదు. పంచవర్ష ప్రణాళిక నదిలా ప్రవహిస్తోంది. ఇటువంటి శుభసమయంలో ప్రభుత్వం తవ్వించిన బావి నీరు ఉప్పనడమంటే ప్రణాళికనే ఉప్పనడం! ఇది నీటి రుచిని గురించిన ప్రశ్న కాదు. మన జాతికి భవిష్యత్తు మీదున్న నమ్మకాన్ని గురించిన ప్రశ్న!"

భవిష్యత్తు మీద నమ్మకం లేనివాళ్లు ఎవరూ హాల్లో లేరని చప్పట్లే రుజువు చేశాయి.

అప్పుడు దేవమ్మను పిలిచారు. ఆమె ఒక కడవ, ఒక సత్తు గిన్నె తెచ్చి బల్ల ముందు నేల మీద పెట్టింది. కడవలో బావి నీళ్లు. గిన్నెలో కందిపప్పు. కోడి కూయకముందు పొయ్యి మీద పెట్టి, బస్సెక్కేదాకా మంట పెడుతూనే ఉన్నానని, పట్టి చూడమని చెప్పింది. పప్పు ఉడకకపోవడానికి పచ్చికట్టె, పాత గింజ, గిన్నె మందం మొదలైన ఆరు కారణాలున్నాయని, వాటిలో నీరు లేదని చక్రపాణి వేళ్లు మడిచి చెప్పాడు.

దేవమ్మ ఆయన వేళ్లు లెక్కపెట్టలేదు. "నాకు మీ అంత మాటలు రావు సామీ. ఒక్క గుక్క తాగి చెప్పండి. మీరు తియ్యన అంటే నేను లేచి పోతా" అంది.

అధ్యక్షులవారికి ఆ రోజు ఉపవాసం. పండితులవారికి మడి. నాయకుడికి రాత్రి నుంచి జలుబు, రుచి తెలియడం లేదు. తలూపే సభ్యులు అధ్యక్షులవారి కన్నా ముందు తాగడం మర్యాద కాదు. వకీలు సాక్షి కారాదని న్యాయశాస్త్రమే చెబుతోంది. ఇంతలో హోటలు నుంచి కాఫీ వచ్చింది. ఉపవాసమూ మడీ జలుబూ కాసేపు పక్కకు తప్పుకున్నాయి.

కాఫీ అయ్యాక, ముఖ్యమైన సాక్ష్యం చెడిపోకూడదు గనుక కడవ మూతికి గుడ్డ కట్టి, లక్కతో సీలు వేసి, వకీలుగారి గదిలో భద్రపరచమని అధ్యక్షులవారు ఉత్తర్వు చేశారు. ఇక ఆ నీళ్లు తాగడం నేరం కూడా అయింది. తీర్పు గంటలో వచ్చింది.

బయటికి వస్తూ శేషయ్య గిన్నెలోంచి ఒక పప్పుగింజ తీసి వేళ్ల మధ్య నొక్కాడు. నలగలేదు. గులకరాయిలా ఉంది. ఎవరూ చూడకుండా దాన్ని జుబ్బా జేబులో వేసుకున్నాడు. అవతల దండలు సిద్ధంగా ఉన్నాయి.

ఆ ఏడు వానలు మొగం చాటేశాయి. 1958 వేసవికి ఊరబావి అడుగు కనిపించింది. చేద వేస్తే బురద వచ్చేది, తరువాత అదీ రాలేదు. వాగుదాకా నడవడం ఊరి ఆడవాళ్లకు ఆచారం కాదు. పల్లెబావిలో మాత్రం నీళ్లు నిలువెత్తున ఉన్నాయి. ఆ నీళ్లు తియ్యనివని సంఘం తేల్చి ఏడాది దాటింది కూడా. ఊరంతా శేషయ్య ముందుచూపును మెచ్చుకుంది.

చిక్కు ఒకటే. అది పల్లెబావి. చక్రపాణిని మళ్లీ పిలిపించారు. ఆయన బావి గట్టున నిలబడి ఇంకో అరగంట చెప్పాడు. భూమిలో ఊరే నీటికి కులం లేదట. గంగకు కులం ఉందా అని అడిగాడు. మైల అంటేది తాడుకు, చేదకు. అవి మార్చి, మంత్రించి నీళ్లు చల్లితే సరిపోతుంది. పల్లెవాళ్ల తాడు, చేద తీసి అవతల పెట్టారు. కొత్త తాడు, కొత్త చేద వచ్చాయి.

బావి చుట్టూ కొత్తగా వేసిన కంచె అవతల నుంచి దేవమ్మ ఇదంతా విన్నది. పక్కన లూదియా, చంకలో ఏడాది బిడ్డ.

"నీళ్లకు కులం లేదంటే మాకు శానా సంతోషం సామీ" అంది దేవమ్మ. "తాడుకే అయితే, రెండేండ్ల కిందట మేమే కొత్త తాడు తెచ్చుకుందుము గదా, ఊరబాయికి."

చక్రపాణి చాలాసేపు ఆలోచించాడు. ఆయన ఆలోచిస్తుండగా చూడటం అదే మొదటిసారని తరువాత ఊళ్లో చెప్పుకున్నారు. "అది వేరే వ్యాజ్యం" అన్నాడు చివరికి. వేరే అర్జీ పెట్టుకోవాలని శేషయ్య కూడా దయగా సలహా ఇచ్చాడు.

మొదటి చెంబు ప్రెసిడెంటు తాగాలని అందరూ కోరారు. శేషయ్య చెంబెత్తి గొంతులో పోసుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఊరు ఊరంతా ఆయన మొగం వంకే చూస్తోంది. మింగాడు.

"ఎట్లుండాయన్నా?" అని ఎవరో అడిగారు.

"కొబ్బరినీళ్ల మాదిరి ఉండాయి" అన్నాడు శేషయ్య.

రెండోవాడు తాగి చెరుకురసమన్నాడు. మూడోవాడు పానకమన్నాడు. చివరికి వచ్చినవాడు పోల్చడానికి ఏమీ మిగలక కళ్లు మూసుకుని దండం పెట్టాడు. నీళ్లు తాగిన ఒక పసిపిల్ల మాత్రం భళ్లున కక్కింది. దానికి దిష్టి తగిలిందని తీశారు.

అసలు కష్టం వంటింట్లో మొదలైంది. రామేశ్వరమ్మ పొద్దున ఎసట్లో పోసిన పప్పు మిట్టమధ్యాహ్నానికి కూడా పోసినట్టే ఉంది. పప్పు మంచిది కాదన్నాడు శేషయ్య. వేరే పప్పు తెచ్చారు. అదీ అంతే. ఆళ్లగడ్డ బజారులో కందిపప్పు నాణ్యత దిగజారినందుకు పంచాయతీ తీవ్ర విచారం వ్యక్తం చేస్తూ తీర్మానించింది. ఊరంతా పప్పు నమలసాగింది. విందుకు వచ్చిన చక్రపాణికి పన్ను విరిగింది. దంతాలు అనిత్యమని ఆయన ఎంగిలి చేత్తోనే సెలవిచ్చాడు.

ఒకరోజు రామేశ్వరమ్మ కంచంలో పప్పు వడ్డించి పక్కనే కూర్చుంది. ఆమె పెళ్లయిన ఇరవై ఏళ్లలో మొగుడితో వాదించింది లేదు. "ఊళ్లో అందరి పప్పూ చెడిపోయిందంటావు, నీళ్లు మాత్రం బాగుండాయంటావు. నాకు ఒకటి చెప్పు. ఈడ అబద్ధమాడేది ఎవురు, పప్పా?" అంది. శేషయ్య తల ఎత్తకుండా తిన్నాడు.

ఆ సాయంత్రమే ఊరికి కొత్త బావి కావాలని తాలూకా ఆఫీసుకు అర్జీ రాశాడు. జవాబు వారంలోనే వచ్చింది. సదరు గ్రామంలో తియ్యని నీటి బావి ఉన్నట్లు నిర్ణయమై ఉన్నందున, రెండవ బావి మంజూరు చేయ వీలుపడదని, సదరు నిర్ణయపు నకలు ఇందుతో జతపరచడమైనదని అందులో ఉంది. నకలు చివర శేషయ్య వాదనా పటిమను మెచ్చుకుంటూ రెండు వాక్యాలు కూడా ఉన్నాయి.

నంద్యాల బస్సెక్కి వకీలు దగ్గరికి పోయాడు. ఆ తీర్పు కొట్టేయించడానికి దారేమైనా ఉందా అని గొంతు తగ్గించి అడిగాడు.

"నువ్వు గెలిచినావప్పా" అన్నాడు శ్రీనివాసులు. "గెలిచినోనికి అప్పీలు లేదు. ఓడినోళ్లకే ఉండేది."

గది మూలలో దేవమ్మ కడవ ఉంది. మూతికి లక్క సీలు అట్లాగే ఉంది. ఏడాదికి పైగా నీళ్లు మట్టిలోంచి చెమర్చి ఆవిరైపోయాయి. కడవ ఒళ్లంతా తెల్లగా ఉప్పు పొక్కింది. శేషయ్య వేలితో రాసి, నాలుక మీద పెట్టుకోబోయి ఆగాడు. వకీలు కూడా చూశాడు. సీలు చెక్కుచెదరలేదు, అది ముఖ్యం అన్నాడు.

ఇక మిగిలింది ఓడినవాళ్లు. నడి ఎండలో శేషయ్య పల్లెకు నడిచాడు. దేవమ్మ గుడిసె ముందు బండ మీద తనే కూర్చున్నాడు. అప్పుడే లూదియా వాగు నుంచి వచ్చింది. చంకలో బిడ్డ, నెత్తిన కడవ. కడవ దించి గోడకు ఆనుకుంది. శేషయ్యకు సిగ్గేసింది. సిగ్గుకు ఏ వాదన చెప్పాలో ఆయనకు తోచలేదు.

అప్పీలు చేయమని, తన వకీలునే పెట్టిస్తానని దేవమ్మతో చెప్పాడు.

"ఊరంతా చెరుకురసం అంటాండారు. నేనొక్కదాన్ని ఉప్పంటే ఎవురు నమ్ముతారు సామీ?" అంది ఆమె. "నాది స్వార్థం గల నాలిక. వకీలొద్దు. నువ్వు ఒక్క మాట రాసియ్యి. తాగినా, ఉప్పగా ఉంది, అని. ఇప్పుడే యేలుముద్ర వేస్తా."

ఆ ఒక్క మాటకు అర్థం శేషయ్యకు తెలుసు. వాన కురిసి ఊరబావి నిండిన నాడు పల్లె కడవలు వరసగా గట్టు మీదికి వస్తాయి.

"అట్ల రాసిస్తే నేనేమైపోవాల దేవమ్మా?"

"ఏమీ కావు సామీ. దప్పికైనోడివి అంటారు, అంతే."

ఆయన నాలుక పిడచకట్టుకుని ఉంది. దేవమ్మకు అది కనబడింది. చెలమ నీళ్లు ముంత నిండా ముంచి లేచి నిలబడింది. ఏమీ అడగలేదు. శేషయ్య అటు చూశాడు, ఇటు చూశాడు. వీధిలో ఎవరూ లేరు. వంగి దోసిలి పట్టాడు. ఆమె పైనుంచి పోసింది. మూడు నెలల తరువాత నీళ్ల రుచి తెలిసింది ఆయనకు. ముంత ఖాళీ అయ్యేదాకా తాగాడు. మూతి తుడుచుకుని, ఆలోచించి చెబుతానని లేచి వచ్చేశాడు.

దారిలో ఆయన నిజంగానే ఆలోచించాడు. తాను దోసిలి పట్టడం చూసినవాళ్లు ఇద్దరే. ఇద్దరూ స్వార్థం గల సాక్షులే. రాతమూలకంగా ఏమీ లేదు. కనుక అది జరగలేదు. మిద్దె మెట్లు ఎక్కేసరికి ఆయనకు కొంత నిమ్మళించింది.

ఇరవై రోజులకు వాన పడింది. ఊరబావి నిండింది. ఇక పల్లెబావితో ఊరికి పని లేదు. అయినా ఊరికే వదిలేస్తే బాగుండదని సభ పెట్టి, తియ్యని నీటిని ఊరి పెద్దలు పేదల కోసం త్యాగం చేస్తున్నారని ప్రకటించారు. బావి పక్కన రెండో రాయి నాటారు. దాని మీద శేషయ్య పేరు పెద్దక్షరాల్లో ఉంది. నాయకుడు మాట్లాడుతూ, త్యాగాల్లో జలత్యాగం గొప్పదన్నాడు. మాటల మధ్యలో దాహమైతే ఆయనకు ఊరబావి నుంచి తెచ్చిన నీళ్లిచ్చారు.

శేషయ్య లేచి రెండు మాటలు చెప్పాలి. జుబ్బా జేబులో చెయ్యి పెట్టుకుంటే ఏదో గట్టిగా తగిలింది. నంద్యాల నాటి పప్పుగింజ. కంచె దగ్గర నిలబడ్డ దేవమ్మ ఆయన వంకే చూస్తోంది. ఆయన నోరు తెరిచాడు. ఒక్క మాట, దేవమ్మ అడిగిన మాట, నాలుక దాకా వచ్చింది.

"ఈ నీళ్లు తాగి పెరిగే పిల్లోళ్లు అదృష్టవంతులు" అన్నాడు శేషయ్య.

చప్పట్లు ఆగేదాకా దేవమ్మ నిలబడింది. తరువాత ఖాళీ కడవ చంకనెత్తుకుని వాగువైపు నడిచింది. వెనకాల లూదియా. ఆ వెనకాల, కొత్తగా నడక నేర్చిన పిల్ల.

ఇదంతా కట్టుకథ అని ఎవరికైనా అనుమానం రావచ్చు. తీర్చుకోవడం కష్టమేమీ కాదు. ఆళ్లగడ్డలో బస్సు దిగి ఎవరినడిగినా దారి చెబుతారు. బావి అక్కడే ఉంది. తాడు ఉంది, చేద ఉంది. పల్లెలోకి వెళ్లి, ఓ గుక్కెడు తోడుకుని తాగి, ఎలా ఉన్నాయో నలుగురిలో చెప్పవచ్చు. ఇన్నాళ్లలో అలా వెళ్లినవారు ఒక్కరూ లేరు. తీర్పు నకళ్లు మాత్రం చదువుకున్నవాళ్లు చాలామంది ఉత్తరాలు రాసి తెప్పించుకున్నారు. మీకూ ఒకటి పంపమంటారా?